ఆడపడుచు కూలి

కూలి పెంచుతానన్న యజమాని మాట తప్పితే ఏం చేయాలో కోటేశ్వరికి తెలుసు. ఒంటరిగా వెళ్ళి అడగకూడదు, అందరితో కలిసి వెళ్ళాలి. పని మొదలయ్యాక కాదు, మొదలుకాక ముందే అడగాలి. సరుకు అతని షెడ్డులో దిగి, లారీ అతని గేటు దగ్గర ఎదురుచూస్తున్నప్పుడు అడగాలి. ఈ తెలివి ఆమెకు ఎవరూ నేర్పలేదు, ఆమే తన ముఠాకు నేర్పింది. అంత తెలిసీ ఓడిపోయింది. ఆమె అమాయకురాలు కాబట్టి ఓడిపోయిందని జాలిపడేవాళ్ళు ఈ కథ చదవకపోయినా నష్టం లేదు.

ఆమెది ప్రత్తిపాడు పక్కన ఒక పల్లె. భర్త పేరయ్య, తను కలిసి కౌలుకు పత్తి వేసేవాళ్ళు. తొంభై ఎనిమిదిలో పురుగు ఆ పత్తిని తినేసింది. పేరయ్య మార్టూరులో రాళ్ళు పాలిష్ చేసే పనికి వెళ్ళి, ఆదివారాలు మాత్రం ఇంటికి రావడం మొదలుపెట్టాడు. కోటేశ్వరి తమ పల్లెలోనే ఉన్న అన్నదమ్ముల దగ్గరికి వెళ్ళి, పెళ్ళప్పుడు పసుపు కుంకుమల కింద ఇస్తామన్న అరెకరం ఇవ్వమంది. 

"ఇంటి ఆడపడుచువై ఉండి వాటాలు అడుగుతావటే? సిగ్గు లేదా?" అన్నాడు పెద్దన్న. 

ఆ రోజు నుంచి పిలుపు లేదు, పండక్కి చీర లేదు. వీధిలో ఎదురుపడితే వదినలు కొంగు సర్దుకుంటూ పక్కకు తిరిగేవాళ్ళు. ఆడపడుచుకు మన సమాజం ఇచ్చే గౌరవం గురించి ఉపన్యాసాలు చాలా విన్నాం. ఏమీ అడగనంత కాలమే ఆ గౌరవమని మాత్రం ఎవరూ చెప్పరు.

గుంటూరులో చిలకలూరిపేట రోడ్డు మీద ఒక కోల్డ్ స్టోరేజీలో మిరపకాయలకు తొడిమలు తీసే పని దొరికింది. విదేశాలకు వెళ్ళే కాయకు తొడిమ ఉండకూడదు. చూడ్డానికి పిల్లలాటలా ఉంటుంది, కాయ తీసుకుని తొడిమ తుంచి పక్కన పడేయడమే. మధ్యాహ్నానికి గోళ్ళ సందుల్లో మంట మొదలవుతుంది. ఆముదం రాసుకున్నా పోదు. ఇంటికి వెళ్ళాక చంటిపిల్లలున్నవాళ్ళు బిడ్డను ఎత్తుకోవడానికి భయపడతారు. 

"మా ఆయనకి చప్పిడి కూర వండిపెట్టినా కారమైందంటాడే! నా చెయ్యి తగిలితే చాలంట!" అనేది రహమతున్నీసా. షెడ్డంతా నవ్వేది.

రహమతున్నీసా కోటేశ్వరి వాడలోనే ఉంటుంది. ఇద్దరూ ఒకే రోజు పనిలో చేరారు. తర్వాత ఊళ్ళో ఆడవాళ్ళను ఒక్కొక్కరినే తీసుకొచ్చి కోటేశ్వరి ఇరవై మందికి పైగా ముఠా కట్టింది. ముఠాకు పెద్ద కోటేశ్వరే. గొంతు మాత్రం రహమతున్నీసాది. ఆటోలో ఊరు దాటిన దగ్గర నుంచి షెడ్డు గేటు దాకా వాళ్ళిద్దరి మాటలకు తెరిపి ఉండేది కాదు. ఒకరింట్లో పెసరట్టు పోస్తే ఇంకొకరింటికి వెళ్ళేది. కోటేశ్వరికి పుట్టిల్లు లేని లోటును రహమతున్నీసా తీర్చిందని రాస్తే బాగుంటుంది గానీ, అది అబద్ధం. ఆ లోటు అలాగే ఉండిపోయింది. దాన్ని మర్చిపోవడానికి ఒక తోడు దొరికింది, అంతే.

రెండువేల రెండు మే నెలలో షిప్పుకు అందవలసిన లోడు ఒకటి ఆలస్యమైంది. రేకుల షెడ్డు పెనంలా కాలుతోంది. యజమాని శివరామకృష్ణ స్వయంగా వచ్చి నిలబడ్డాడు. 

"ఈ లోడు ఒక్కటి వెళ్ళనివ్వండమ్మా. వచ్చే సీజన్ మొదటి టిక్కీ నుంచి కిలోకి అర్ధరూపాయి పెంచుతా. ఇది నా మాట." టిక్కీ అంటే మిరప బస్తా. 

"షావుకారుగారూ, ఫ్యాను చప్పుడుకి ఇనపళ్ళేదు, ఇంకోసారి చెప్పండి!" అంది రహమతున్నీసా. 

ఆయన నవ్వి మళ్ళీ చెప్పాడు. ఆడవాళ్ళు ఆ లోడు పూర్తిచేశారు.

వర్షాకాలంలో రోడ్డుకు అవతలి కోల్డ్ స్టోరేజీ వాళ్ళు ఈ ముఠాను పిలిచారు. అప్పటికప్పుడే కూలి ఎక్కువ ఇస్తామన్నారు. రహమతున్నీసా పోదామంది. 

"ఆయన మాటిచ్చాడుగా. నా మొహం చూసి ఆగండే," అంది కోటేశ్వరి. 

"నీ మొహం చూస్తే కడుపు నిండుద్దా అక్కా?" 

"నిండకపోతే నన్ను తిట్టు." 

"అది నువ్వు చెప్పాలా!" అని రహమతున్నీసా ఆగింది. ఆమె ఆగితే అందరూ ఆగారు. ఆ రోజు నుంచి షావుకారు మాట కోటేశ్వరి మాట అయిపోయింది.

సంక్రాంతి వెళ్ళాక గుమాస్తా పాత రేటే చెప్పాడు. కోటేశ్వరి ఆఫీసు గదికి వెళ్ళి అడిగింది. 

"మిర్చి యార్డులో ధర చూశావా కోటేశ్వరీ? రైతే ఏడుస్తున్నాడు. చూద్దాంలే," అన్నాడు శివరామకృష్ణ. 

బయటికొచ్చి చెబితే రహమతున్నీసా మూతి తిప్పింది. "చూద్దాం అంటే నాకు తెలుసు. మా ఆయన నాకు కొత్త చెప్పులు కొనే సంగతి పెళ్ళైన కాణ్ణుంచీ చూస్తానే ఉన్నాడు."

అక్కడి షెడ్లలో ఒక పద్ధతి ఉంది. సీజన్ మొదటి రోజు మొదటి టిక్కీకి పూజ చేసి కొబ్బరికాయ కొడతారు. తర్వాత ముఠా పెద్ద తూర్పు ముఖంగా కూర్చుని మొదటి కాయ తొడిమ తుంచుతుంది. ఆ కాయ షావుకారు చేతికిస్తుంది. అప్పుడు గానీ మిగతావాళ్ళు బస్తాలో చెయ్యి పెట్టరు. ఒకసారి ఆ తొడిమ తెగిందంటే ఆ రేటుకు ఒప్పుకున్నట్టే. తర్వాత అడిగేదాన్ని పని చెడగొట్టేదంటారు, ఆ రోడ్డులో ఇంకే షెడ్డూ పిలవదు. కాగితం మీద సంతకం కంటే గట్టి కట్టుబాటు అది. 

అందుకే వాళ్ళ పథకం చాలా చిన్నది. 

"రేటు చెప్పిందాకా నువ్వు కాయ ముట్టుకోమాక అక్కా. లారీ బయట నిలబడి ఉంటది. ఆయనే చెప్తాడు." 

"ముట్టుకోను." 

"ఒట్టెయ్యి." 

"ఒట్టెందుకే పిచ్చిమొహమా, చెయ్యి నాదేగా!"

ఫిబ్రవరిలో ఒక ఉదయం, గేటు దగ్గర లారీ ఆగి ఉంది. శివరామకృష్ణ భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. శివపార్వతి అంతకు ముందెప్పుడూ షెడ్డులో అడుగుపెట్టలేదు. ఘాటుకు తుమ్ముతూ, కళ్ళు తుడుచుకుంటూ, చేతిలో ఇత్తడి పళ్ళెంతో నిలబడింది. కొబ్బరికాయ కొట్టాక ఆమె నేరుగా కోటేశ్వరి దగ్గరికి వచ్చి నుదుట బొట్టు పెట్టింది. 

"మా ఆయనకి అక్కచెల్లెళ్ళు లేరు. ఎప్పుడూ నీ మాటే చెబుతుంటారు. ఇకనుంచి నువ్వే మా ఇంటి ఆడపడుచువి. కొంగు పట్టమ్మా."

పళ్ళెంలో పసుపు, కుంకుమ, అరటిపళ్ళు, ఆకుపచ్చ అంచు చీర ఉన్నాయి. బొట్టు పెట్టి ఇచ్చే చీరను వద్దనకూడదు. ఆ సంగతి శివరామకృష్ణకు తెలుసు. శివపార్వతికి మాత్రం అందులో భర్త ఎత్తు తెలిసి ఉండకపోవచ్చు. ఆమె కళ్ళలో నీళ్ళు మిరప ఘాటువే కావచ్చు, కాకపోవచ్చు. 

కోటేశ్వరి కొంగు పట్టింది. అన్నదమ్ములు ఇన్నేళ్ళుగా ఇవ్వనిది ఇరవై మంది చూస్తుండగా ఒళ్ళో పడింది.

"మా ఆడపడుచు చేత్తో మొదలైతే ఈ ఏడు కలిసొస్తుంది. కానీయమ్మా," అన్నాడు శివరామకృష్ణ.

ఆమె తూర్పుకు తిరిగి కూర్చుంది. బస్తాలో చెయ్యి పెట్టింది. ఎవరూ ఆమె చెయ్యి పట్టుకుని లాగలేదు, ఎవరూ బెదిరించలేదు. తొడిమ తుంచి, కాయ ఆయన చేతికిచ్చింది.

షెడ్డులో కాసేపు ఎవరూ కదల్లేదు. తర్వాత ఒకామె కూర్చుంది. ఆమెను చూసి ఇంకొకామె. రహమతున్నీసా నిలబడే ఉంది.

"అక్కా, రేటు?"

"అడుగుతానే. పూజ కానీ."

"పూజ అయిపోయిందిగా."

"చీర పెట్టిన చేతిని అప్పుడే కూలి అడగమంటావా?"

"చీర నీకు పెట్టారక్కా. మరి మాకో?"

కోటేశ్వరి ఒళ్ళో అరటిపళ్ళు జారిపోకుండా ఒక చేత్తో పట్టుకుని ఉంది. ముఖాన కుంకుమ కొంచెం ముక్కు మీదికి రాలింది. రహమతున్నీసా దాన్ని చూసింది. వేరే రోజైతే చేత్తో తుడిచేది. ఆ రోజు అన్నం క్యారేజీ తీసుకుని గేటు వైపు నడిచింది. సగం ముఠా ఆమె వెనకే వెళ్ళింది.

సాయంత్రం కోటేశ్వరి ఆఫీసు గదికి వెళ్ళింది. శివరామకృష్ణ కుర్చీ చూపించాడు. అంతకు ముందెప్పుడూ చూపించలేదు. ఆమె కూర్చోలేదు. 

"పెంచుతానన్నారు కదండీ. సగం మంది పోయారు. ఆ మాట..." 

"ఏమ్మా, పుట్టింట్లో కూలి బేరం చేస్తారా ఎవరైనా?" అన్నాడాయన నవ్వుతూ. 

పెద్దన్న కోపంతో అన్నాడు, ఈయన ప్రేమగా అన్నాడు. మాట ఒక్కటే. అది ఆమెకు అక్కడే అర్థమైంది. అర్థమయ్యాక కూడా, "సరేనండి" అనే వచ్చింది నోట్లోంచి.

ఆ రోజు తిరగబడి ఉంటే ఎంత బాగుండేదని మనం అనుకోవచ్చు. బస్సు ఎక్కి ఇంటికి వెళ్ళి భోజనం చేసే మనకు అది తేలిక. మనిషికి ఆకలి ఉన్నచోట చెయ్యి పెట్టడం తెలిసినవాడే యజమాని అవుతాడు. కోటేశ్వరికి ఆకలి కూలి దగ్గర లేదు. ఆయన ఆ సంగతి ఆమె కంటే ముందే కనిపెట్టాడు.

కొన్నాళ్ళకు ఆమె రోడ్డు దాటి అవతలి గేటు దగ్గర నిలబడింది. రహమతున్నీసా బయటికొచ్చింది. కాయ ముట్టకుండా వచ్చేసినవాళ్ళను ఆ షెడ్డు తీసుకుంది, ఇప్పుడు అక్కడ ముఠా పెద్ద ఆమే.

"పనికొస్తావా? రా. కానీ పెద్దరికం ఉండదు."

"నాకెందుకే పెద్దరికం! మీతో కూర్చుంటే చాలు."

రహమతున్నీసా గేటు వైపు ఓసారి చూసి దగ్గరికి జరిగింది. "ఒకటి అడుగుతా, నిజం చెప్పు. చీర సంగతి నీకు ముందే తెలుసా?"

"నా పిల్లల మీద ఒట్టు, తెలియదు."

"మావాళ్ళు నమ్మట్లా."

"నువ్వు?"

లోపల నుంచి ఎవరో పిలిచారు. "టైమైంది అక్కా," అని రహమతున్నీసా వెళ్ళిపోయింది. 

కోటేశ్వరి మర్నాడు అవతలి గేటుకు వెళ్ళలేదు. ఎప్పటిలాగే పాత షెడ్డుకే వెళ్ళింది. ఎందుకు వెళ్ళలేదని తర్వాత పేరయ్య అడిగితే, "నమ్మనని చెప్పినా వెళ్ళేదాన్ని. అది ఏదీ చెప్పకుండా పోయింది," అంది.

ఉగాది వచ్చేసరికి చేతులు చాలక శివరామకృష్ణ షెడ్డులో బస్తాలు పేరుకుపోయాయి. కాయ రంగు మారితే షిప్పువాళ్ళు తీసుకోరు. ఆయన షెడ్డు మధ్యలో నిలబడి, "మా ఆడపడుచు ముఖం చూసి పెంచుతున్నా," అని ప్రకటించాడు. ఉన్నవాళ్ళు కోటేశ్వరికి దండం పెట్టినంత పని చేశారు. ఆ పెంపు తన ముఖం చూసి వచ్చింది కాదని, గేటు దాటి వెళ్ళినవాళ్ళ వల్ల వచ్చిందని అందరికంటే బాగా తెలిసింది ఆమెకే. ఈ సంగతి ఒక్కరికే చెప్పాలనిపించింది. చెప్పడానికి ఆ మనిషి పక్కన లేదు.

జూన్‌లో ఒక ఉదయం వాన కురిసింది. షెడ్లకు తీసుకెళ్ళే ఆటోల్లో జయరావుది ఒక్కటే ఊళ్ళోకి వచ్చింది. అందరూ ఇరుక్కుని ఎక్కితే, కోటేశ్వరి పక్కన రహమతున్నీసా కూర్చోవలసి వచ్చింది. మోకాళ్ళు ఆనుకున్నాయి. తడిసిన పరదా లోపలికి కొట్టుకుంటోంది. 

"ఏందమ్మా, ఇయ్యాల రేడియోలు రెండూ మూగబోయినయ్యి?" అన్నాడు జయరావు. ఎవరూ నవ్వలేదు.

ఏటుకూరు దాటాక రహమతున్నీసా బయటికి చూస్తూనే అంది. "పెంచాడంటగా."

"పెంచాడే. మీరు పోబట్టే పెంచాడు. నేను కాదు... అదంతా నీ వల్లే."

"మంచిది."

"రహమతూ, ఆ రోజు నాకు..."

ఆటో గుంటలో పడి లేచింది. వెనక కూర్చున్న ఆడవాళ్ళు జయరావును తిట్టారు. అది సద్దుమణిగేలోగా షెడ్లు వచ్చాయి. ఇద్దరూ దిగవలసింది ఒకే చోట. రహమతున్నీసా ముందు దిగి, క్యారేజీ నెత్తిన అడ్డం పెట్టుకుని, లారీల మధ్య నుంచి రోడ్డు దాటింది. వెనక్కి తిరగలేదు. 

కోటేశ్వరి ఆమె గేటు లోపలికి వెళ్ళేదాకా చూస్తూ కూర్చుంది.

"దిగు అక్కా, వెనక బండ్లవాళ్ళు హారన్ కొడుతున్నారు," అన్నాడు జయరావు.

ఆమె దిగింది.