చేప నోటి నీళ్లు

ఆయన్ని అందరూ బొమ్మలాయన అనేవారు. ఆయన కంటే ముందు ఆయన దుమ్ము ఇంట్లోకి వచ్చేది. కనుబొమల మీద తెలుపు, చెవి మడతల్లో తెలుపు, నడిచొచ్చిన దారి పొడుగునా వెన్నెల రాలినట్టు అడుగులు. ఆ వెన్నెల తుడవలేక భార్య గుమ్మంలోనే తడిగుడ్డ పరిచి, ముందు మనిషి కండి, తర్వాత లోపలికి రండి అనేది.

షెడ్డు ఇంటి వెనకే. తలలు ఒక అలమరలో, చేతులు ఇంకో అలమరలో, మొండేలు గోడవారన. అచ్చు పారేయడం ఆ వంశంలోనే లేదు. తాతల కాలంలో ఆ షెడ్డు ధనవంతుల తోటలకి పాతకాలపు దేవుళ్ల బొమ్మలు పోసేది. తోటల మోజు పోయింది, చర్చిల పని వచ్చింది, అచ్చులు మాత్రం అవే. గడ్డం ఉన్న తత్వవేత్త చేతికి తాళంచెవి ఇస్తే అపొస్తలుడయ్యాడు. విల్లు కోసేస్తే రెక్కల పిల్లాడు దేవదూతయ్యాడు. గొర్రెపిల్లని భుజాన మోసే పాత దేవుడికైతే చెప్పులకున్న బుల్లి రెక్కలు అరగదీస్తే సరిపోయింది, మంచి కాపరి సిద్ధం. దేవుళ్లు మారినా కొలతలు మారవని బొమ్మలాయన నమ్మకం.

ఈ నమ్మకం ఆయన ఎన్నడూ ఇంట్లో చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం చర్చిలో ఎడమ పక్క గూట్లో నిలబడి ఉంది.

నీలం పైట కప్పుకున్న తల్లి, చంకలో బిడ్డ, బిడ్డ చేతిలో చేప. రోజూ పొద్దున్నే ఆ గూడు తుడవడం బొమ్మలాయన భార్య వంతు. తుడవడానికి పట్టే సమయం కొంచెమే. మిగతాదంతా మాటలు. ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేనివి, ముఖ్యంగా ఇంటాయన మీదివి, అన్నీ అక్కడ చెప్పుకునేది. వెళ్లేటప్పుడు ఉరుముతూ వెళ్లిన మనిషి వచ్చేటప్పుడు వాన వెలిసిన వీధిలా వచ్చేది. తన కాపురం నిలబెట్టింది ఆ తల్లేనని బొమ్మలాయనకి తెలుసు. ఆ తల్లి ఎవరో కూడా ఆయనకే తెలుసు.

ఆవిడ తోట దేవత. గోడకి ఆనించి నిలబెట్టే నీటి బొమ్మ. భుజం వెనక నుంచి గొట్టం దిగి, బిడ్డ చేతిలోని చేప నోట్లోంచి నీళ్లు చిమ్మాలి. చర్చికి తల్లిని అడిగినప్పుడు బొమ్మలాయన తల మీది నెలవంకని కిరీటంలో కలిపేశాడు. పాదాల దగ్గరున్న కప్పని సిమెంటుతో పూసి చీర కుచ్చిళ్లలా చేశాడు. చేపని ఏం చెయ్యాలో తోచక వదిలేశాడు. ఫాదరు గారు చూసి పొంగిపోయారు. తొలినాటి విశ్వాసులు గోడల మీద గీసుకున్న గుర్తు చేపేనని, ఎంత లోతుగా ఆలోచించారండీ అని చేతులు పట్టుకున్నారు. బొమ్మలాయన లోతుగా తలూపాడు.

అసలు తప్పు కప్పా కాదు, చేపా కాదు, గొట్టం. ఆ అచ్చులో సిమెంటు పోసే ముందు గొట్టం అమర్చడం ఆయన చేతికి అలవాటు. బుర్ర చర్చి గురించి ఆలోచిస్తుంటే చెయ్యి తోట పని చేసుకుపోయింది. అచ్చు విప్పాక చూస్తే భుజం వెనక గొట్టం మూతి. చేప నోట్లో మైనం కూరి, రంగు పూసి, వీపు గోడకే కదా, ఎవరు చూడొచ్చారని ఊరుకున్నాడు.

అంతా బాగానే ఉండేది, బావమరిది మ్యూజియంలో గైడు కాకపోయి ఉంటే. అతను ఆదివారం ఆదివారం భోజనానికి వచ్చేవాడు, ఒంటి మీద బావ చొక్కాతోనే వచ్చేవాడు. ఫాదరు గారూ వచ్చేవారు. కంచాలు పెట్టగానే వాదన మొదలు. బిడ్డకి పాలిచ్చే తల్లి ఈజిప్టులో ముందే ఉందని, తల వెనక వెలుగు చక్రం సూర్యదేవుడిదని, ఆ కాపరి అసలు ఎవరో తనకి తెలుసని బావమరిది అనేవాడు. ఫాదరు గారు అదిరిపడేవారు కారు. ఆనాటి బొమ్మలు గీసేవాళ్లు కళ్లతో చూసినవే గీస్తారు, చూడనివి ఎక్కణ్ణుంచి తెస్తారు, కానీ బొమ్మ తెచ్చుకుంటే కథ కూడా తెచ్చుకున్నట్టా అని అడిగేవారు. ఒక ఆదివారం బావమరిది ఊపులో, పాత దేవుళ్లందరూ కన్యలకే పుట్టారని, అందరికీ పన్నెండుమంది శిష్యులేనని అనేశాడు. ఏ పాత రాతలో ఉంది బాబూ అన్నారు ఫాదరు గారు. పుస్తకంలో చదివానన్నాడు. ఆ పుస్తకం ఎప్పటిది అన్నారు. మొన్నటిదే. బావమరిది కంచంలోకి చూసుకున్నాడు. అక్క ఫాదరు గారికి కూర రెండోసారి వడ్డించింది.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆవిడ గరిటె పైకెత్తింది.

"ఒరేయ్, విను. మా తల్లి ఎవరి దగ్గరా ఏదీ అరువు తెచ్చుకోలేదు. తెచ్చుకుందని నువ్వు రుజువు చూపించిన రోజున నేనా గూటి మొహం చూడను."

బొమ్మలాయనకి పొలమారింది. గూటి మొహం చూడకపోతే ఆ మాటలన్నీ ఎవరికి చెబుతుంది? తనకే. నీళ్లు తాగుతూ ఆయన తన మిగతా జీవితాన్ని కళ్ల ముందు చూసుకున్నాడు.

తర్వాతి వారమంతా వాన. చర్చి కప్పు మీది నీళ్లు దిగే గొట్టం గోడ లోపల ఎక్కడో పగిలింది. నీళ్లు దారి వెతుక్కున్నాయి. నీటికి జ్ఞాపకం ఉంటుందేమో, తోటల కాలం నాటి తోవ పట్టి తల్లి భుజంలోకి దిగి, ముసలి మైనాన్ని తోసేసి, ప్రార్థన మధ్యలో చేప నోట్లోంచి సన్నగా, వెండి దారంలా చిమ్మాయి. ముందు వరసలో ఉన్న దర్జీ ముఖాన పడ్డాయి. చాన్నాళ్లుగా కళ్లు మసకేసిన ఆ మనిషి తనకి స్పష్టంగా కనిపిస్తోందన్నాడు. కళ్లజోడు తుడిచినట్టయిందని మాత్రం ఎవరికీ తట్టలేదు.

ఊరు విరగబడింది. చెంబులు, సీసాలు, ఒకావిడ ఏకంగా బకెట్టు. ఫాదరు గారు తొందరపడే మనిషి కారు. బిషప్పు గారికి కబురు చేసే ముందు బొమ్మలాయన్ని పిలిపించి, గూటి ముందు, అందరి ఎదుటా అడిగారు. "చేసింది మీరు. నీళ్లు రావడానికి ఇందులో దారి ఏదైనా ఉందా? మీరు లేదంటే లేదనే రాస్తాను."

బావమరిది ఒక పక్క, భార్య ఒక పక్క. ముందు నుయ్యి, వెనక గొయ్యి, నడుమ చేప. లేదు అనడానికి నోరు తెరిచాడు. ఫాదరు గారు తన మాట నమ్మి కలం తీసి పట్టుకున్నారు. ఆ కలం చూసేసరికి అబద్ధం నోట్లోనే గట్టిపడిపోయింది, నీళ్లు కలిపిన ప్లాస్టరులా.

"గొట్టం ఉందండీ," అన్నాడు. అక్కడ మొదలుపెట్టి ఆపలేకపోయాడు. తోట, దేవత, నెలవంక, కప్ప, అంతా చెప్పేశాడు. ఎవరూ అడక్కపోయినా కాపరి చెప్పుల సంగతి కూడా చెప్పాడు. బకెట్టావిడ నీళ్లు పారబొయ్యాలా ఉంచుకోవాలా తెలియక నిలబడిపోయింది.

బావమరిది మొహం దీపావళి మతాబులా కాదు, అంతకంటే ఎక్కువ వెలిగింది. "అక్కా, రుజువు. మాటంటే మాటే మరి."

ఆవిడ తమ్ముడి వైపు చూడలేదు. మొగుడి వైపు చూసింది.

"కప్ప సంగతి నాకు తెలీదనుకున్నారా? రోజూ తుడిచేది ఎవరు? కుచ్చిళ్లకి ఎక్కడైనా కాలివేళ్లు ఉంటాయా?"

బొమ్మలాయన కనురెప్పల మీది దుమ్ము రాలింది. "తెలిసి మరి..."

"ఆ తల్లి నన్ను ఏనాడూ మీది ఏ ఊరని అడగలేదు. నేనూ అడగలేదు. వినమన్నాను, విన్నది."

"మరి ఒట్టు?" అన్నాడు తమ్ముడు, వదలకుండా.

"నువ్వు రుజువు చూపిస్తే అన్నాను. చూపించింది మీ బావ. అయినా అరువంటూ అంత గోల చేస్తావు, ఒంటి మీది చొక్కా ఎవరిదిరా?"

ఫాదరు గారు నవ్వు దాచుకోవడానికి కలం మూత కింద పడేసుకుని వెతికారు. కథ అరువా కాదా అన్నది ఆదివారం భోజనం దగ్గర తేల్చుకుందామని బావమరిదితో అన్నారు. అది ఇప్పటికీ తేలలేదు.

గోడ బాగుచేశాక నీళ్లు ఆగాయి. దర్జీ మాత్రం ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తోందనే అంటాడు. అతను కుట్టిన చొక్కాల చేతులు చూసినవాళ్లు నమ్మరు.

గోడ బాగుచేసిన మర్నాడు భార్య బొమ్మలాయన్ని సన్న ఉలితో గూటి దగ్గరికి తీసుకెళ్లింది. ఇన్నాళ్లూ ఆ కప్పకి ఊపిరాడిందో లేదో, పూత తియ్యండి అంది. ఆయన మోకాళ్ల మీద కూర్చుని కుచ్చిళ్లని పొర పొరగా విప్పుతుంటే, పైన ఆవిడ తల్లితో నెమ్మదిగా మాట్లాడుతోంది, ఎప్పటిలాగే ఆయన మీదే. ఈసారి ఆయనకి వినిపించేంత దగ్గరగా. దుమ్ములోంచి కప్ప కళ్లు బయటపడ్డాయి. అదీ వింటున్నట్టే ఉంది.