గుండ్రటి మూలలు

మా ఆయన పోయాక, సెలవు అయిపోగానే ఇబ్రహీంపట్నం కాలేజీకి మళ్లీ వెళ్లడం మొదలుపెట్టాను.

"ఇంకొన్నాళ్లు ఆగకూడదుటే అమ్మాయ్" అన్నారు అత్తగారు. ఆగి ఏం చెయ్యాలో తోచలేదు. బడంగ్‌పేట్‌లో బస్సెక్కి వచ్చేశాను.

ల్యాబ్‌లో నా పిహెచ్‌డీ పని సగంలో ఉంది. మైక్రోవేవ్ తరంగాల్లో మనకు కావలసినవాటినే పోనిచ్చే ఫిల్టర్ అది. లోపల గదులు తొలిచిన అల్యూమినియం దిమ్మె. ఆ గదుల్లో తరంగం ఎలా నడుస్తుందో ఒక్క సూత్రంతో తేలదు. కంప్యూటర్‌లో ఆ ఖాళీని చిన్న చిన్న ముక్కలు చేసి, ముక్కముక్కకూ లెక్క కట్టి కలపాలి. ముక్కలు సన్నబడేకొద్దీ జవాబు ఒకచోట కుదురుకోవాలి. నాది కుదురుకుంది. రోజంతా ఆ అంకెలనే చూస్తూ కూర్చునేదాన్ని. అవి నన్నేమీ అడిగేవి కావు.

దిమ్మె తయారై వచ్చాక కొలిచాం. ఫిల్టర్ పనిచేసే ఫ్రీక్వెన్సీ లెక్కలో వచ్చినదానికి పక్కకు జరిగింది. ఇదివరకైతే గాభరాపడేదాన్ని. ఊరికే చూశాను.

నాతో పనిచేసే లెక్చరర్ మహేశ్వరం వైపు రైతుల బిడ్డ, నాకంటే చిన్నది. "గింత తేడా ఎట్లొచ్చింది అక్కా? ముక్కలు జర ఇంకా సన్నగ చేద్దామా?" అంది.

"చేశాను. మారలేదు."

ఆమె మూత విప్పి దిమ్మెను నా చేతిలో పెట్టింది. లోపల వేలు పెట్టి తడిమాను. మూల దగ్గర వేలు ఆగలేదు, గుండ్రంగా జారిపోయింది. తిరుగుతూ కోసే పనిముట్టుతో పదునైన మూల తియ్యడం కుదరదు. నేనేమో కంప్యూటర్‌లో మూలలన్నీ పదునుగా గీశాను. ఇన్నాళ్లూ లేని దిమ్మెకు సరైన జవాబు రాబట్టానన్నమాట.

మూలలు గుండ్రంగా గీసి మళ్లీ లెక్క నడిపాం. భోజనాల వేళకు గ్రాఫ్‌లో లెక్క గీత, కొలత గీత ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

"అక్కా, మస్తు కలిసింది!" అని నా భుజాలు పట్టి ఊపేసింది. తర్వాత నా ముఖం చూసి ఆగింది. "ఖుషీ గాలేదా నీకు?"

"ఏమో. తెలియట్లేదు."

ఆమె తన డబ్బాలోంచి జొన్నరొట్టె తుంచి, పచ్చడి వేసి నా ముందు పెట్టింది. "గట్ల సూడకు, తిను."

తిన్నాను. పచ్చడి కారంగా ఉందని ఆమే చెప్పి నీళ్లిచ్చింది.

మర్నాడు ఇద్దరం ఈ ఫలితం మీద పరిశోధన పేపరు రాయడానికి కూర్చున్నాం.