చెరుకు తియ్యగ ఎందుకుంటది?

ఒక ఆదివారం బోధన్ బస్సులో సైన్సు పేపర్లు దిద్దుతున్నాను. పక్కనున్న రైతు కాసేపు చూసి, "మా బిడ్డ తొమ్మిది సదువుతుంది సార్. చెరుకు తియ్యగ ఎందుకుంటదని బడిల అడిగితే, సప్పుడు చెయ్యకుండ కూసోమన్నరట. గప్పటిసంది ఏం అడుగుతలేదు," అన్నాడు.

నేనూ అలా ఎందరినో కూర్చోబెట్టినవాణ్ణే. ఆకులు ఎండ సాయంతో చక్కెర తయారుచేస్తాయని, చెరుకు దాన్ని గడలో దాచుకుంటుందని చెప్పాను. ఆయన వెంటనే ఇంటికి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, "బిడ్డా, సార్ చెప్తడు ఇను," అంటూ నా చేతికిచ్చాడు.

అమ్మాయి అంతా విని, "మరి మక్కకర్ర గంత తియ్యగ ఎందుకుండదు సార్?" అంది. మొక్కజొన్న కర్ర గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు.

"నాకు తెలియదమ్మా. కనుక్కుందాం," అన్నాను. తరగతిలో నేనెప్పుడూ అనని మాట అది. ఇప్పుడు తరచూ అంటున్నాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. "మల్ల అడుగుతుంది సార్!" అన్నాడు.