మణికట్టు తాడు

పటమటలో యానిమేషన్ నేర్చుకునే రోజుల్లో, చేపలు పట్టే ఇంటి నుంచి వచ్చినదాన్ని క్లాసులో నేనొక్కదాన్నే. చివరి ప్రాజెక్టుకి వల విసిరే మనిషిని ఎంచుకున్నాను.

"మొదటి బొమ్మా చివరి బొమ్మా గీసెయ్యమ్మా, మధ్యవి కంప్యూటరే చూసుకుంటుంది," అన్నారు సార్. అలాగే చేస్తే వల బెలూన్‌లా ఉబ్బింది. నాకు ఒళ్లు మండింది.

"వల అలా తెరుచుకోదు సార్. అంచున సీసం గుళ్లుంటాయి. నడుం తిప్పి విసిరితే ఆ బరువే వలని విప్పుతుంది."

ఆయన ఒప్పుకోలేదు, నేనూ తగ్గలేదు. మధ్యలోని నలభై బొమ్మలూ మౌస్ పట్టుకుని నేనే గీశాను. తెర మీద వల గుండ్రంగా విచ్చుకుని నీళ్లలో పడింది. సార్ దాన్ని క్లాసంతటికీ చూపించారు.

ప్రదర్శన రోజు నాన్న వచ్చాడు. మెచ్చుకుంటాడని మొహంలోకే చూస్తూ నిలబడ్డాను.

"బాగా విసిరాడమ్మా. వల తాడు చేతికి కట్టుకోలేదేం? ఆ వల ఇంక వెనక్కి రాదు."

వారంలో బొమ్మలోని మనిషి మణికట్టుకి తాడు కట్టి, నాన్నని మళ్లీ పిలిచి చూపించాను. వల నీళ్లలో పడింది, బొమ్మ ఆగిపోయింది. నాన్న మాత్రం తెర మీంచి చూపు తిప్పలేదు.

"మరి లాగడేం?" అన్నాడు.