అత్తగారి గదికి ఎన్ని పొరలు?

మా వీధిలో ఆయన్ని దుప్పట్లాయన అంటారు. దుప్పట్లు అమ్మడు. ఎండకు కాగే ఇళ్లలో, పైకప్పు రేకుల కింద దూదిలాంటి గ్లాస్‌ఊల్ పరుపులు పరిచి వేడి లోపలికి దిగకుండా చూడడం ఆయన పని. "మనుషులకి చలి దుప్పటి, ఇళ్లకి ఎండ దుప్పటి" అని ఒకసారి నోరుజారాడు. ఆ పేరు ఇక వదల్లేదు.

ఏ ఇంటికి ఎంత కావాలో ఆయన లెక్కకట్టే తీరు చూడాలనే సరదాతో నేను కొన్నిసార్లు వెంట వెళ్లాను. టేపు తీసేది అన్నిటికన్నా చివర. ముందు మిట్టమధ్యాహ్నం వెళ్లి గదిలో ఊరికే కూర్చుంటాడు. గోడకు వీపు ఆనిస్తాడు. స్టూలెక్కి సీలింగుకు అరచెయ్యి ఆనిస్తాడు. "ఈ టైముకి మీ పిల్లి ఎక్కడ పడుకుంటుందండీ?" అని అడుగుతాడు. ఆ తర్వాతే, రేకుకూ సీలింగు పలకలకూ మధ్య సందు కొలిచి, అందులో ఎంత నింపాలో, ఎంత వదలాలో చెబుతాడు. వదలడం దగ్గరే పేచీ వస్తుంది.

"ఇంకాస్త కుక్కండి, ఖాళీ ఉందిగా" అంటారు ఇంటివాళ్లు.

"ఆ ఖాళీ గాలిదండీ. రేకు కింద వేడెక్కిన గాలి అంచుల్లోంచి బయటికి పోవాలి. దాని దారికి మనం అడ్డం పడకూడదు."

ఎవరు బతిమాలినా ఒక్క పొర ఎక్కువ వేయడు. అలాంటి మనిషి సొంతింట్లో తప్పులో కాలేశాడు.

ఆయన అత్తగారు అప్పటిదాకా పెద్దల్లుడి ఇంట్లో ఉండేది. పెద్దల్లుడు ఏసీలు బిగిస్తాడు. ఆ ఇంట్లో చలికి మోకాళ్లు పట్టేసి, ఆవిడ చిన్నకూతురి దగ్గరికి వచ్చింది. ఇక్కడ ఖాళీగా ఉన్నది మేడమీద రేకుల గది ఒక్కటే. ఊళ్లో కప్పులన్నిటికీ పొరలేసిన మనిషి, తన మేడగదిలో మాత్రం మిగిలిన పరుపుచుట్టలు దాచుకునేవాడు.

"కొన్నాళ్లు చూస్తాను అల్లుడుగారూ. ఉడికిపోతే వెళ్లిపోతా. ఏమీ అనుకోకండి" అని ఆవిడ వచ్చిన రోజే చెప్పేసింది.

తల్లి తన దగ్గరుండాలన్నది భార్యకు ఏళ్లనాటి కోరిక. ఇక దుప్పట్లాయన సంగతి సరేసరి. అత్తగారు తన కప్పు కింద ఉండలేక తోడల్లుడి ఏసీ కిందికి తిరిగి వెళ్తే వీధిలో తలెత్తుకునేదెలా?

గదిలో కూర్చున్నాడు, చెయ్యి ఆనించాడు, కొలిచాడు. రెండు పొరలు చాలని తేల్చి నిచ్చెనెక్కాడు.

"రెండేనా?" అంది కింద నిలబడ్డ భార్య. "మా అమ్మకండీ!"

"మీ అమ్మకైనా మహారాణికైనా రెండే."

"అంటే మా అమ్మ కూడా బయటివాళ్లతో సమానమన్నమాట."

మూడోది వేశాడు.

"ఎందుకే ఆయన్ని ఇబ్బంది పెడతావ్?" అంది గుమ్మంలోంచి అత్తగారు. "పెద్దల్లుడుగారైతే అడక్కుండానే గదికి రెండు మిషన్లు పెట్టారనుకో. ఎవరి వీలు వాళ్లది."

నాలుగోదీ వేశాడు. అంచుల్లో సందు కనిపిస్తే అక్కడా ముక్కలు కోసి కుక్కాడు. "కొసరి కొసరి వడ్డించాను. వద్దని చెయ్యడ్డం పెట్టడానికి కప్పుకి చేతులున్నాయా?" అన్నాడు తర్వాత నాతో.

మర్నాడు మధ్యాహ్నానికి గది కుంపటి అయింది. వేడిగాలికి పోయే దారి లేదు. పైగా అంత బరువుకు సీలింగుకు పొట్ట వచ్చి, సరిగ్గా అత్తగారి మంచం మీదికి దిగింది.

"ఇది నా మీద పడుతుందా అల్లుడుగారూ?"

"పడదండీ అత్తయ్యగారూ."

"మరెందుకు దిగుతోంది?"

ఆవిడ పెట్టె సర్దడం మొదలుపెట్టింది. సంగతి తెలిసి తోడల్లుడు ఫోన్ చేశాడు.

"తమ్ముడూ, మొహమాటపడకు. ఎల్లుండి వచ్చి కొలత తీసుకుని చిన్న ఏసీ బిగిస్తా. నీ దూది కూడా ఉండనీలే, అందంగా ఉంటుంది."

ఆ 'అందంగా' అన్న మాటకు దుప్పట్లాయనకు ఒళ్లు మండింది. తిన్నగా మేడెక్కి, అత్తగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"కాసేపు మీరు అత్తగారు కాదు, ఇంటి ఓనరనుకోండి. నేను పనివాణ్ణి. పొరలు ఎక్కువేశాను, తీసేస్తాను."

ఆవిడ కళ్లు చికిలించి చూసింది. "మరి మా అల్లుడేడి?"

"బయటికెళ్లారండీ."

"ఆయనున్నప్పుడే ఈ మాట చెప్పలేకపోయావా నాయనా?"

"ఆయనకి మీరంటే హడలండీ."

ఆవిడ నవ్వు ఆపుకోలేక పెట్టె మీదే కూర్చుండిపోయింది. "సరే, కానీ. అమ్మాయిని మాత్రం పైకి రానివ్వకు."

పై రెండు పొరలూ తీసేశాడు. అంచులు తెరిచాడు. పలకలు ఎత్తి మళ్లీ బిగించాడు.

అన్న మాట ప్రకారం మూడోనాడు మధ్యాహ్నం తోడల్లుడు టేపుతో వచ్చాడు. ఎండన పడి వచ్చి, మెట్లెక్కి, "ఉష్" మంటూ మంచం మీద చేరబడ్డాడు. గోడ ఎంత వెడల్పో కంటితో అంచనా వేస్తూ వేస్తూ కునుకులోకి జారాడు. కాసేపటికి గురక.

కాఫీ తెచ్చిన చిన్నకూతురు గుమ్మంలోనే ఆగిపోయింది. "బావగారిని లేపనా అమ్మా?"

"లేపకు. పాపం, ఇంట్లో చలికి ముడుచుకుని పడుకుంటాడు" అంది అత్తగారు గొంతు తగ్గించి. "మీ అక్కకి ఫోన్ చెయ్యి. ఆయన సాయంత్రం ఇంటికొస్తాడు, నేను రానని చెప్పు. నా మిగతా చీరలు పంపించమను."