కసాయివాడి గింజల డబ్బా

బస్సు వంతెన కింది చీకట్లోంచి ఎండలోకి వచ్చేసరికి పక్కసీటు మనిషి ఒళ్లో ఉన్న డబ్బా మూత తీశాడు. ఉడికించిన చిక్కుడు గింజలు, పచ్చి క్యారెట్ ముక్కలు, ఏదో ఆకు. నా ముక్కుకు తగిలిన వాసన మాత్రం వాటిది కాదు. ఎంత సబ్బు రుద్దినా వదలని పచ్చిమాంసం వాసన అది. ముంజేతుల నిండా పాత కత్తిగాట్లు. నా చూపు పట్టేశాడు.

"కసాయినేనండీ. మధ్యాహ్నం మాత్రం మేకని," అన్నాడు.

నాకు ఫలానా చోట దిగాలన్న పని ఏ ఊళ్లోనూ ఉండదు. పక్కవాడు నోరు విప్పితే చివరి స్టాపు దాకా కూర్చునే జబ్బు ఇన్నేళ్ల తిరుగుడులోనూ వదల్లేదు. తమాషా ఏమిటంటే, ఆయనకూ దిగే చోటు లేదు. రోజూ మార్కెట్ దగ్గర బస్సెక్కి, డబ్బా ఖాళీ చేసుకుంటూ చివరిదాకా వెళ్లి, అదే బస్సులో తిరిగి వస్తాడట. అడగకుండానే కండక్టరమ్మ టిక్కెట్టు చింపి ఆయన చేతిలో పెట్టింది.

మార్కెట్లో మాంసం కొట్లన్నీ ఒకే వరస. ఈయనదీ వాళ్ల అన్నయ్యదీ కలిపి ఒక కొట్టు. మధ్యాహ్నం బేరాలు సద్దుమణిగాక, మిగిలిన తునకలన్నీ ఒకే కుండలో వేసి, కొట్ల ముందే పొయ్యి రాజేస్తారు. తలో స్టూలూ లాక్కుని చుట్టూ కూర్చుంటారు. రేపు ఎవరు ఏ సంతకు పోవాలి, ఎవరి పిల్లకు జ్వరం, ఎవరికి ఎవరితో మాటల్లేవు, అన్నీ ఆ కుండ దగ్గరే తేలతాయి. కుండ దగ్గర లేనివాడు వరసలో లేనట్టే. ఈయన తండ్రి ప్రాణం కూడా అక్కడే, చేతిలో గిన్నె ఉండగానే పోయింది. గుండె.

కిందటేడు మెట్లెక్కుతుంటే ఈయనకూ గుండె పట్టేసింది. డాక్టరు మాట విని మాంసం, గుడ్లు, పాలు అన్నీ మానేశాడు. చెట్టున కాసిందీ మట్టిలో మొలిచిందీ తప్ప ముట్టడు. ఇప్పుడు మూడో అంతస్తు దాకా ఆగకుండా ఎక్కుతాడు.

"మావాళ్లు మొదట్లో ఊరికే నవ్వేవాళ్లండీ. ఈ డబ్బాతోనే కుండ దగ్గర కూర్చునేవాణ్ణి. 'ఒరేయ్ మేకా, మాంసం మొద్దుకు దూరంగా ఉండు, పొరపాటున నిన్నే కొట్టేస్తాం' అనేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి."

ఆ నవ్వుల్ని చెడగొట్టింది ఒక పాత ఖాతాదారు. ఆవిడ ఈయన డబ్బాలోకి తొంగిచూసి, కుండకేసి చూసి, కొన్న పొట్లం తిరిగి బల్ల మీద పెట్టేసింది. కొట్టేవాడే తినడం లేదంటే మాంసంలో ఏదో ఉన్నట్టే కదా! మాట మార్కెట్ దాటింది. వరస మొత్తానికి బేరాలు పడిపోయాయి.

"గుండెజబ్బు సంగతి చెప్పలేకపోయారా?"

"చెప్పానండీ. మాంసం తినే గుండె పాడైందట అని ఇంకో నలుగురు మానేశారు. అప్పుడు మా అన్నయ్య అన్నాడు, 'పదిమంది పొట్ట కొట్టకురా, నీ గడ్డేదో జనం కంటపడకుండా మేసిరా' అని. అదిగో, అప్పట్నించీ ఈ బస్సు."

"ఇంట్లో తినొచ్చుగా? ఎవరున్నారు?"

"గోడలున్నాయి. వాటి మొహం రాత్రి ఎలాగూ చూడాలి కదండీ."

వైద్యం పుస్తకాలు నేనూ కొన్ని తిరగేశాను. ఏది తినాలో, ఏ వేళకు తినాలో పేజీలకు పేజీలు రాశారు. ఎవరి పక్కన కూర్చుని తినాలో రాసినవాడు కనపడలేదు.

చివరి స్టాపులో డ్రైవరు టీకి దిగాడు. ఈయన డబ్బాలో గింజలు సగం కూడా తరగలేదు.

"నిన్న కొట్టు మూసేటప్పుడు అన్నయ్యే కదిలించాడు," అన్నాడు. "నన్ను ఇవాళ వచ్చి కుండ దగ్గర కూర్చోమన్నాడు. జనం చూస్తుండగా ఒక్క ముక్క నోట్లో వేసుకుంటే చాలట. తర్వాత నా ఆకులు నా ఇష్టమట. స్టూలు వేసే ఉంచుతాడట."

"ఒక్క ముక్కకేం అవుతుంది?"

"ఏం కాదు. డాక్టరూ అదే అన్నాడు." డబ్బా మూత అటూ ఇటూ తిప్పాడు. "రెండోదానికీ ఏం కాదు. మా నాన్నను మాత్రం ఏ ముక్క చంపిందంటారు? ఫలానా ముక్క అని చెప్పలేం కదండీ."

ఆయన డబ్బా నా వైపు జరిపాడు. నాలుగు గింజలు నోట్లో వేసుకున్నాను.

"ఉప్పు మరిచిపోయారు."

"మరవలేదండీ. అదీ వద్దన్నారు," అని మొదటిసారి గట్టిగా నవ్వాడు. "పర్లేదు, తినండి. పక్కన ఒకళ్లు నములుతుంటే బాగుంది."

తిరుగుదారంతా ఇద్దరం ఆ చప్పిడి గింజలు నమిలాం. మార్కెట్ దగ్గరికొచ్చేసరికి డబ్బా ఖాళీ. నా వైపు చూడకుండా లేచి దిగిపోయాడు. ముందు ఏదో వ్యాను అడ్డంగా ఉండి బస్సు కదల్లేదు.

కిటికీలోంచి కుండ కనపడింది. పొగ, చుట్టూ మనుషులు, మధ్యలో ఖాళీ స్టూలు. సంచులతో ఆగి చూస్తున్న జనం. ఈయన మొహమే ఇంకాస్త లావైతే ఎలా ఉంటుందో అలా ఉన్న పెద్దాయన గిన్నె పట్టుకుని లేచాడు. ఈయన వెళ్లి స్టూలు మీద కూర్చున్నాడు. గిన్నె అందుకున్నాడు. ముక్క వేళ్లతో పైకెత్తాడు కూడా. చాలాసేపు అన్న మొహంలోకి చూశాడు.

తర్వాత ముక్కను గిన్నెలో పెట్టి, గిన్నెను అన్న చేతికిచ్చి, లేచాడు. అన్న ఏదో అరిచాడు. అద్దంలోంచి నాకు వినపడలేదు. ఈయన స్టూలును జాగ్రత్తగా తెచ్చి తమ కొట్టు గోడకు ఆనించాడు. కొక్కేనికున్న తన ఏప్రన్ దించి, మడిచి, దాని మీద పెట్టాడు. ఖాళీ డబ్బా చంకలో పెట్టుకుని, వరస చివరిదాకా నడిచి, మలుపు తిరిగిపోయాడు.