బావ చొక్కా జేబులో ఆఫీసరు

నేను ఆదోనిలో పన్ను రిటర్నులు నింపి బతికేవాణ్ణి. మార్కెట్ యార్డుకు దగ్గరగా, ఒక మిద్దె మెట్ల కింద చిన్న గది నా ఆఫీసు. పత్తి దలాలీలు, కిరాణా అంగళ్ళవాళ్ళు, రిటైరైన బడి అయ్యవార్లు వస్తుంటారు. వచ్చినవాళ్ళకు రిటర్ను కంటే ముందు ఉపన్యాసం ఇవ్వడం నాకు అలవాటు.

"ట్యాక్సోళ్ళమని ఎవుడన్నా ఫోన్ సేస్తే నమ్మాకండి. వాళ్ళు ముందు నోటీసు పంపుతారు. దానికొక నంబరుంటాది. అది నిజమో కాదో నేను ఈడ కూసోనే రెండు నిమిషాల్లో సూసి సెప్తా. ఫోన్లో దుడ్డు అడిగినాడంటే వాడు దొంగ. అంతే, ఇంకో మాట ల్యా."

నాకూ అలాంటి ఫోన్లు వచ్చేవి. ఒకసారి ఒకడు నా మీద కేసు ఉందన్నాడు. "నీ పాన్ నంబరు సెప్పప్పా, నీకే ఒక రిటర్ను ఏసిపెడతా, ఫీజు తక్కువే తీసుకుంటా" అన్నాను. వాడు పెట్టేశాడు. ఆ సంగతి టీ అంగట్లో వారం రోజులు చెప్పుకున్నాను. అంత మురిపెం నాకు, నా తెలివి మీద.

రిటర్నుల గడువు నెత్తి మీదికి వచ్చిన రోజులవి. శ్రావణ సోమవారం పొద్దున ఎమ్మిగనూరు నుంచి మా అక్క ఫోన్ చేసింది. అక్క గట్టిగా మాట్లాడే మనిషి. ఆ రోజు గొంతు తగ్గించి మాట్లాడింది.

"ఒరే, మీ బావ నిన్నట్నించి మగ్గం గుంతలోకి దిగలే. ఫోను పట్టుకోని మిద్దె మీదనే తిరుగుతాండాడు. ఇంతకు ముందే వచ్చి మెళ్ళో గొలుసు ఇయ్యి, పాలిషు పట్టిచ్చుకోని వస్తా అన్యాడు. శ్రావణ సోమారం పూట ఆడదాని మెళ్ళో గొలుసు ఎవురన్నా తీపిస్తారారా?"

"ఇచ్చినావా?"

"ఎట్ల ఇయ్యకుండా ఉండేది? ఆ మొగం సూస్తే బయమాయ. నువ్వు రా."

మా బావ చేనేత మనిషి. రెండు మాటలు అడిగితే ఒకదానికి జవాబు చెప్పి, రెండోది మనకే వదిలేస్తాడు. నేను డిగ్రీ చదివిన మూడేళ్ళూ వాళ్ళింట్లోనే తిన్నాను. ఒక్కనాడు కూడా ఆ మాట ఎత్తినవాడు కాదు. పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో అక్క ఒంటి మీది బంగారం వైపు ఆయన కన్నెత్తి చూసింది లేదు. ఆ గొలుసు మా అమ్మది. దాన్ని తీసుకుని ఆయన ఎక్కడికి పోతున్నట్టు?

నాకు తోచింది ఒక్కటే, మట్కా జూదం. మా వైపు మంచి మంచివాళ్ళు కూడా ముసలితనం ముంగిట్లో దాని గుంతలో పడ్డారు. ఇంకేదీ నా బుర్రకు తట్టలేదు. రోజుకు పదిమందికి ఉపన్యాసం ఇచ్చేవాడికి తట్టవలసింది అసలే తట్టలేదు.

బస్టాండుకు పోతే ఏ బస్సు చూసినా ఉరుకుందకే. ఈరన్నస్వామి దగ్గరికి జనం తండోపతండాలుగా పోతున్నారు. ఎమ్మిగనూరు బస్సు ఏదని అడిగితే "వస్తాది, వస్తాది" అన్నాడు కంట్రోలరు. ముప్పావు గంట నిలబడ్డాను. కూర్చుందామంటే కూర్చోలేను, నిలబడితే కాళ్ళు ఆగవు. ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరకు ఎన్నిసార్లు తిరిగానో. మధ్యలో నా ఫోను మోగుతూనే ఉంది. ఒకాయన రిఫండు ఎప్పుడు పడుతుందంటాడు, ఇంకొకాయన ఆధార్ లింకు కాలేదంటాడు. ఇద్దరినీ కసురుకున్నాను. అక్కకు మూడుసార్లు చేస్తే మూడుసార్లూ "ఇంట్లోనే ఉండాడు, అంగడి ఇంకా తెర్సలేదంట, నువ్వు రా" అంది. బావకు చేస్తే ఎంతకీ బిజీ అనే వస్తోంది.

చివరికి బస్సు దొరికింది, సీటు దొరకలేదు. ఎవరిదో టెంకాయల సంచి నా పాదం మీద, ఎవరి మోచెయ్యో నా వీపులో. దారి పొడుగునా బావను ఏమని తిట్టాలో మాటలు పేర్చుకుంటూ పోయాను. ఒకసారి గట్టిగా తిట్టాలనుకుంటాను. మరుక్షణం, ఆయన ఇంటి అన్నం తిన్నవాణ్ణి, నేనెవర్ని తిట్టడానికి అనుకుంటాను. మళ్ళీ అమ్మ గొలుసు గుర్తుకొచ్చి కోపం ఎగదన్నుకొస్తుంది. ఎమ్మిగనూరు వచ్చేసరికి చెమటతో చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

నేను ఇంట్లోకి అడుగుపెట్టేసరికి బావ మగ్గం గదిలో గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఇంట్లో ఎప్పుడూ బనియన్ మీద ఉండే మనిషి ఇస్త్రీ చొక్కా వేసుకుని, గొంతు దాకా గుండీలు పెట్టుకున్నాడు. మగ్గం మీద సగం నేసిన చీర అలాగే ఉంది.

"ఏం బావా, మగ్గం అలిగిందా, నువ్వు అలిగినావా?" అన్నాను. కోపం దాచుకోవడానికి వేళాకోళం చేశాను.

బావ చెయ్యి ఎడమ జేబు మీద అదిమి పెట్టుకున్నాడు.

"ఎదలో నొప్పా?"

తల అడ్డంగా ఊపాడు. చెప్పులేసుకుని, నన్ను పక్కకు తప్పించుకుని వీధిలోకి పోయాడు. వెనకాల అక్క, "పో, ఎంటబడి పో, గొలుసు ఆయప్ప దగ్గరే ఉండాది" అంది.

మా బావ అంత వేగంగా నడవగలడని నాకు ఆ రోజే తెలిసింది. కూరగాయల బండ్ల మధ్యన, ఆటోల మధ్యన పోతూనే ఉన్నాడు. పక్కకు వచ్చి మాట్లాడబోతే ఇంకాస్త జోరు పెంచుతాడు. బంగారం మీద అప్పులిచ్చే అంగడి బోర్డు ఎదురుగా కనిపించింది. ఇక నాకు ఆగలేదు.

"మట్కానా బావా?"

తిరిగి చూడలేదు.

"అప్పులోళ్ళెవురన్నా పట్టుకున్యారా? సెప్పు. నీ లోను కంతులేమన్నా తప్పినాయా? ఆ లోనుకు రిటర్నులేసింది నేనే కదా, నాతో సెప్పేదానికేం నీకు?"

గిరుక్కున వెనక్కి తిరిగాడు. నడిబజారులో తన అరచెయ్యి తెచ్చి నా నోటికి అడ్డంగా వేసి గట్టిగా మూశాడు. ముప్పై ఏళ్ళలో ఆయన నా మీద చెయ్యి వేయడం అదే మొదలు. కళ్ళల్లో నీళ్ళు. అప్పుడు వినిపించింది ఆయన జేబులోంచి, సన్నగా, మర్యాదగా, పత్రికల తెలుగులో.

"ఎవరండీ ఆ మాట్లాడుతున్నది? రిటర్నులు వేసింది ఎవరండీ?"

ఒక్క క్షణంలో అంతా అర్థమైంది నాకు. ఫోను నిన్నటి నుంచి కట్ చేయకుండా తెరిచే ఉంది. ఆయన మిద్దె మీద తిరిగినా, గొలుసు అడిగినా, వాడు వింటూనే ఉన్నాడు. చెయ్యి విడిపించుకుని, జేబులోంచి ఫోను లాగాను. తెర మీద టై కట్టుకున్న మనిషి, వెనకాల గోడకు మూడు సింహాల బొమ్మ. ఇలాంటివాడి కోసమే కదా నా దగ్గర ఇన్ని చతురోక్తులు నూరి పెట్టుకున్నాను.

"మీరేనా ఆడిటరు? మీ పేరు చెప్పండి" అన్నాడు వాడు.

ఆ చతురోక్తుల్లో ఒక్కటీ గుర్తుకు రాలేదు. వాడు దొంగ అని నాకు తెలుసు. తెలిసి కూడా భయపడ్డాను. అది దాచి ఏం లాభం? ఎందుకంటే వాడు అడిగిన ప్రశ్న మాత్రం నిజమైనది.

ఆ సంగతి చెప్పాలి. మూడేళ్ళ కిందటి దాకా బావ మగ్గం ఇంట్లో పల్లపు గదిలో ఉండేది. వానాకాలం వస్తే గుంతలోకి నీళ్ళూరేవి. కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని నేసేవాడు. ఎత్తుగా ఒక గది కట్టుకుందామని లోనుకు పోతే బ్యాంకువాళ్ళు పన్ను రిటర్నులు అడిగారు. నేనే వేశాను. ఉన్న ఒక్క మగ్గాన్ని కాగితం మీద మూడు మగ్గాలు చేశాను. పన్ను పడని ఎత్తు దాకా మాత్రమే ఆదాయం పెంచి ఆపాను. "ఉండేది ఒకటే కదప్పా?" అన్నాడు బావ అప్పుడు. "కాగితాన్ని ఎవురొచ్చి లెక్కపెడతారు బావా? లోను కోసం అందురూ ఇట్లే ఏపిచ్చుకుంటారు" అన్నాను. ఆయన నమ్మి సంతకం పెట్టాడు.

ఫోను కట్ చేశాను. వెంటనే మళ్ళీ మోగింది. మళ్ళీ కట్ చేశాను. నాలుగోసారికి స్విచ్చాఫ్ చేసేశాను. బావ నా చేతిలోంచి ఫోను లాక్కోబోయాడు.

"కట్ సేయొద్దప్పా, పోలీసుల్ని పంపుతామన్యారు."

మూసి ఉన్న ఒక అంగడి మెట్ల మీద కూర్చోబెట్టాను. కూర్చోలేక లేస్తాడు, లేచి మళ్ళీ కూర్చుంటాడు. రోడ్డు మీద జీపు శబ్దమైతే అటు చూస్తాడు. ముక్కలు ముక్కలుగా చెప్పాడు.

ముందురోజు పొద్దున ఫోన్ వచ్చిందట. వాడు ఈయన పాన్ నంబరు తప్పులేకుండా చదివాడట. ఆ నంబరు మనం సిమ్ కార్డుకూ, లోనుకూ, వంద చోట్ల జిరాక్సు ఇచ్చిందే. ఎక్కడ నుంచైనా పోతుంది. తర్వాత, "మీ రిటర్నులో తప్పుడు ఆదాయం చూపించారు" అన్నాడట. వెయ్యి మందికి అదే రాయి విసురుతారు వాళ్ళు. మా బావకు తగిలింది.

"ఆదివారం పూట ఏ ఆఫీసరు పని సేస్తాడు బావా?" అన్నాను.

"నేను ఆదివారం కూడా నేస్తా గదప్పా. వాళ్ళకూ పని ఉండదా అనుకున్యా."

"దుడ్డు యాడికి పంపినావు? ఎవురి పేరు మీద?"

ఏదో ఊరు, ఎవరో మనిషి పేరు చెప్పాడు. నూలు కోసం పెట్టుకున్న డబ్బంతా ముందురోజే పోయింది. మిగతాది గొలుసు పెట్టి ఈ రోజు కట్టాలి.

"సర్కారు ఖజానాకు మనిషి పేరుంటాదా బావా? నోటీసు నంబరేమన్నా సెప్పినాడా? కాగితమేమన్నా పంపినాడా?"

"లేదు. గారు, గారు అని మాట్లాడినాడప్పా. ఆ బ్యాంకులో కూడా నన్నెవురూ గారు అన్లే."

"సరే, నాకు ఒక్క మాట సెప్పకూడదా? నేను యాడ సచ్చినా?" అని అరిచాను. నిజంగానే అరిచాను, మెట్ల ముందు పోయేవాళ్ళు ఆగి చూశారు.

 బావ నేల చూస్తూ అన్నాడు.

"ఆ రిటర్ను ఎవురేసినారు, ఆయన్ని కూడా లోపలేస్తాము, పేరు సెప్పు అన్యాడు. నేనే ఏసుకున్యా అని సెప్పినా. అట్లయితే మొత్తం నేరం నీదే, రెండింతలు కట్టాల అన్యాడు. కడతా అన్యా. నువ్వు పిల్లలున్నోడివి. మీ అక్కకు ఉండే తమ్ముడివి నువ్వొక్కడివే."

ఏడో తరగతితో బడి మానేసిన మనిషి. తన రిటర్ను తానే వేసుకున్నానని ఆఫీసరుకు చెప్పాడు. నాకు సిగ్గేసింది. చెయ్యి పట్టి లేపి, "పా, స్టేషనుకు పోదాం, తొందరగా సెప్తే దుడ్డు ఆపే దారి ఉంటాది" అన్నాను.

స్టేషన్లో ఫిర్యాదు తీసుకున్నాయన మంచివాడే. బ్యాంకుకు కబురు పెట్టించాడు. ఫోన్లో నంబర్లన్నీ ఎక్కించుకున్నాడు. ముందురోజే చెప్పుంటే బాగుండేదన్నాడు. నూలు డబ్బు మాత్రం ఈనాటికీ రాలేదు. రాసుకుంటూ రాసుకుంటూ తలెత్తి, "ఏమని బెదిరించినాడు?" అని అడిగాడు.

బావ నా వైపు చూడకుండా, "ఊరికేనే సార్. సదువు లేనోణ్ణి, బయపడినా" అన్నాడు.

ఆయన అదే రాసుకున్నాడు. నన్ను చూసి, "సదువుకున్నోళ్ళు, మీరు ముందే సెప్పాల కదా సార్ ఇట్లాంటోళ్ళకు" అన్నాడు.

"సెప్తానే ఉంటా సార్" అన్నాను. సాక్షి సంతకం కూడా చేశాను.

ఇంటికొచ్చి గొలుసు అక్క చేతికిచ్చాము. కళ్ళకద్దుకుని మెడలో వేసుకుని, బావను దులిపేసింది. నూలు డబ్బు సంగతి చెప్పాక ఇంకా దులిపింది. "నా తమ్ముడు రాకుంటే ఏమైపోయేది ఈ ఇల్లు" అంది. నా చేతులు కడిగించి, కంచం పెట్టి, నాకు ఇష్టమని కొర్ర అన్నం, పప్పు వడ్డించింది. వడ్డిస్తూ అడిగింది.

"అది సరే గానీ, ఏమని బయపెట్టినాడురా వాడు? ఈయప్ప దగ్గర బయపడేదానికేముండాది?"

చెప్పడానికి అదే సమయం. నోటి దాకా వచ్చింది. బావ నా ఎదురుగా కూర్చుని ఉన్నాడు. అక్క గరిటె పట్టుకుని నా మొహంలోకి చూస్తోంది.

"సదువు లేదు కదక్కా, బయపడినాడు" అన్నాను.

బావ ఔనన్నట్టు తల ఊపి, నాకింకో గరిటె పప్పు వేయమని అక్కకు చెప్పాడు.